సదయ్య చెప్పిన మంచి మాట

ఆదివారం, రాత్రి

ఒళ్లు మండిపోతోంది. రిటైరై క్వార్టర్ ఖాళీ చేసేలోగా కారు అమ్మాలి. ఇవాళ మంచిర్యాల ఆయనతో బేరం కుదిరింది. బయానా ఇవ్వడానికి జేబులో చెయ్యి పెట్టాడు. అప్పుడే పక్కింటి సదయ్య ఊడిపడ్డాడు, నాకేదో సాయం చేద్దామని.

"కండ్లు మూస్కొని తీస్కో అన్నా, మస్తు బండి! మా నాయిన పీనుగను దవాఖాన నుంచి గీ బండిలనే తెచ్చినం. తొవ్వల ఒక్కసారి గూడ ఆగలే!"

జేబులో చెయ్యి జేబులోనే ఉండిపోయింది. "ఇంట్ల అడిగి చెప్త" అని వెళ్లిపోయాడు. ఇక రాడు.

వీడి నోరు పడిపోను! ఆ రోజు అంబులెన్సు దొరక్క వీడు ఏడుస్తుంటే డ్యూటీ ఎగ్గొట్టి మరీ బండి తీశాను. పైగా నన్నే అడుగుతాడు:

"మంచిగనే చెప్పిన గదనే?"