బ్యాటరీ మీద వెండి చెయ్యి

మహ్దియా రేవు, మంగళవారం

అమ్మా, నేను క్షేమం. కాళ్లూ చేతులూ అన్నీ ఉన్నాయి, అది తెలుసుకున్నాకే మిగతాది చదువు.

దిష్టి తగలకుండా నువ్విచ్చిన అరచెయ్యంత వెండి చెయ్యి ఉంది చూడు, దాన్ని ఎవరి కంటా పడకూడదని పడవలో బ్యాటరీ పెట్టె మూతకి లోపలివైపు కట్టాను. నిన్న సాయంత్రం చేపలు వెలుగుకి చేరేలా దీపాలు వెయ్యబోతుంటే పెద్ద అల కొట్టింది. దారం తెగి ఆ చెయ్యి ప్లస్సు మైనస్సు రెండిటి మీదా అడ్డంగా పడింది. భగ్గుమంది! పక్కనే పెట్రోలు డబ్బా. ఫ్యూజు ఉందిలే అనుకునేవాణ్ణి. ఫ్యూజు వైరు దారిలో ఉంటుంది, మంటేమో బ్యాటరీ నెత్తిమీదే పుట్టింది, అదేం ఆపుతుంది? నేను కొయ్యబారిపోయాను. నీ తమ్ముడు జిలానీ మామే తెడ్డుతో దాన్ని ఎగరగొట్టాడు.

"ఒరేయ్ ఖ్మైస్, దిష్టి పోవాలని కట్టావా, మనమే పోవాలని కట్టావా?" అని తిట్టాడు.

కాలిన వైర్లు మార్చాం. ఇవాళ మళ్లీ వెళ్లాలి. స్విచ్చి నన్నే వెయ్యమంటున్నాడు, నాకు వేలు ముందుకి రావడం లేదు.

మేక ఈనిందా? నాన్న మోకాలు ఎలా ఉంది? ఇంకో వెండిది మాత్రం పంపకు. మన గుమ్మం మీద దిష్టికి కట్టిన ఎండు చేప తోక పంపు, దాన్లో కరెంటు పారదు.

రెండు వేళ్లు కరిగిన ఆ చెయ్యి నా జేబులోనే ఉంది. దాంతో బ్యాటరీ దగ్గరికి వెళ్లాలంటే భయం, అది లేకుండా సముద్రంలోకి వెళ్లాలంటే ఇంకా భయం. అందరికీ సలాములు. నమాజులో నన్ను తలుచుకో. జేబు సంగతి మామకి తెలియనివ్వకు.

నీ ఖ్మైస్