పక్కనున్న డిస్కు

చిన్నోడా, నా బంగారు తండ్రీ,

ఆవిడ బతికే ఉందిరా! నువ్వు ఎవర్నీ చంపలేదు! సంతోషంలో గబగబా రాసేస్తున్నాను, అక్షరాలు కొక్కిరిబిక్కిరిగా ఉంటే ఏమనుకోకు. నువ్వు ఫోను కట్టేసి అక్క ఇంట్లో తలుపేసుకున్నావు గనక, ఈ ఉత్తరం బావ చేతికిచ్చి పంపుతున్నాను.

నీ సామాను తెద్దామని ఆసుపత్రికి వెళ్లాను. మీ పెద్ద సారు నన్ను కంప్యూటర్ల గదికి తీసుకెళ్లాడు. అమ్మో, ఏం చలి, ఏం రొద! స్కానింగులు దాచే పెట్టెలో వరసగా డిస్కులున్నాయి, ఒక డిస్కు చచ్చినా మిగతావి దాని బరువు మోస్తాయట. చచ్చినదాని నంబరు తెరమీద వస్తుందట.

"మిషను సున్నా నుంచి లెక్కపెడుతుంది పెద్దాయనా, మీవాడు ఒకటి నుంచి లెక్కపెట్టి పక్కనున్న మంచిదాన్ని లాగేశాడు. రెండు పోయేసరికి పేషెంట్ల స్కానింగులన్నీ మాయం."

"అయ్యో, మరి?"

"మరేముంది! మంచిదే కదా, తీసిన చోటే మళ్లీ పెట్టాను. కాసేపు మొండికేసింది గానీ అన్నీ తిరిగొచ్చాయి. ఆ మాట వినడానికి మీవాడుంటేగా!"

ఆ తల ఆపరేషనావిడ మంచం ఖాళీగా ఉండటం, ఆమె మొగుడు వరండాలో ఏడవటం చూసి, స్కానింగులు లేక ఆమె పోయిందనుకున్నావు కదూ? "దుప్పటి మడిచేశారు" అంటూ నిద్రలో ఉలిక్కిపడుతున్నావని అక్క చెప్పినప్పటి నుంచీ ఆ మంచం నా కళ్లముందు నుంచి కూడా కదల్లేదు. తీరా చూస్తే, స్కానింగులు రాగానే ఆమెను ఆపరేషనుకు తీసుకెళ్లారట! మొగుడు ఏడ్చింది భయంతోనట!

ఇవాళ కుట్లు విప్పించుకోవడానికి వచ్చింది. గుండు మీద రుమాలు. సారు చూపించగానే నేను ఉండబట్టలేక చేయి పట్టుకున్నాను. వెచ్చగా ఉందిరా! అంతా చెప్పాను. రెండో చేతిలోని ఇడ్లీ పొట్లం చూపించి నవ్వింది.

"దయ్యాలకు ఇంత ఆకలి వేయదని మీ అబ్బాయికి చెప్పండి బాబాయ్‌గారూ."

ఇప్పుడు అందరికీ చెప్పాలి. అక్కకు చెప్పు. బావకు నేను చెప్పేశాను, అయినా మళ్లీ చెప్పు. పెదనాన్నకు గట్టిగా అరిచి చెప్పు, చెవుడు. అత్తయ్యకు ఫోను చెయ్యి. పిన్నికి రెండుసార్లు చెప్పు, నువ్వు మనిషిని చంపావని ఊరంతా చాటింది ఆవిడే. మీ అమ్మకు చెప్పాను గానీ నమ్మడం లేదు. "నాచేత నాలుగు మెతుకులు తినిపించడానికి కథలల్లుతున్నారు" అంటోంది. ఆమెకు మాత్రం నువ్వే వచ్చి చెప్పాలి.

మీ నాన్న