రాతిపాముకు చావుస్నానం

అమీర్‌పేట,
శ్రావణ మాసం, 1938.

ఇంటి యజమానులకు మీ భూలక్ష్మి దండాలు. ఇక్కడ అందరం క్షేమం, అక్కడ అడవి క్యాంపులో మీరూ క్షేమమని తలుస్తాను. అత్తమ్మ దగ్గు తగ్గిందా అని అడిగారు. తగ్గింది, తిట్టడానికి గొంతు కూడా వచ్చింది. రాయి భద్రమేనా అని మూడుసార్లు రాశారు, నా సంగతి ఒక్కసారే! రాయి ముచ్చట చివర చెబుతాను, ఓపిక పట్టండి.

మనుషులు పుట్టకముందటి పాము ఎముకలు అందులో రాయైపోయాయనీ, ఆ జాతే ఇప్పుడు లేదనీ నాకు చెప్పారు. సర్వే దొర వచ్చేదాకా విరగకుండా ఉంటే, దొరకబట్టినవాడిగా మీ పేరు రాస్తారని కూడా చెప్పారు. అదంతా వాడకట్టుకు ఎవరు చెప్పాలి? వాడలో పిల్లలకు జ్వరాలు రాగానే, అది ఆ పాము శాపమేనని కులపెద్ద రాజనర్సయ్య మన గడపలో నిలబడ్డాడు.

"సచ్చిన నాగన్నను సాగనంపకుండ ఇంట్ల పెట్టుకుంటరా? రేపు పొద్దుగాల పాతిపెట్టాలె. లేకుంటే బాయినీళ్లు బంద్!"

"అది రాయి పెద్దయ్యా. రాయికి సుత చావుంటదా?" అన్నాను.

"ఆడిదానికి గింత నోరా?"

"నోరున్నది కాబట్టే అడుగుతున్న."

తెల్లారి పసుపుగుడ్డ చుట్టిన పెట్టెను అత్తమ్మే నెత్తిన పెట్టుకుంది, ఎవరినీ ముట్టనివ్వలేదు. బల్కంపేట దారిలో పుట్ట పక్కన పాతి, పాలు పోసి, అందరం చావుస్నానం చేశాం. నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

గుండె బాదుకోకండి. రాత్రికి రాత్రి నేను పెట్టెలో పెట్టింది అత్తమ్మ సన్నెకల్లు. మీ పాము బియ్యం గోలెంలో ఉంది. నేను ఏడ్చింది అత్తమ్మకు ఏం చెప్పాలో తెలియక.

మాపటికి ఆమె తొక్కు నూరమంది. ఇక దాచలేక చెప్పబోయాను. "అత్తమ్మా, సన్నెకల్లు..."

"నాకెరుకే బిడ్డా. నలభై ఏండ్లు నూరిన. నెత్తిన పెట్టంగనే బరువు తెల్వదా? నా కొడుకు పేరు రాస్తరంటే, ఒక్క సన్నెకల్లేంది, ఇల్లు సుత పాతిపెడ్త!"

ఇప్పుడు మా ఇద్దరికీ భయం లేదు. దొరను వెంటబెట్టుకుని రండి. ఆ రాయి చాటుమాటుగా పోవడానికి నేను ఒప్పుకోను. పట్టపగలు, రాజనర్సయ్య గడప ముందు నుంచే పోవాలి. బావి బంద్ చేస్తే చేయనీయండి, పంజాగుట్ట దాకా నడిచి నీళ్లు తెచ్చుకుంటాను.

మీ పేరు రాసేటప్పుడు దొరకు ఒక మాట చెప్పండి. దొరకబట్టింది మీరే, కాపాడింది మాత్రం మీ అమ్మ లచ్చవ్వా, ఆమె కోడలూ.

వచ్చేటప్పుడు ఒక సన్నెకల్లు తెండి. వట్టి చేతులతో వస్తే అత్తమ్మ గడప తొక్కనివ్వదు.

ఇట్లు,
నోరున్న మీ ఇల్లాలు
భూలక్ష్మి