నలభై ఏడో కాగితం

మంగళవారం, పదకొండో తారీకు
మధ్యాహ్నం రెండుంబావు
రికార్డు ఆఫీసు పై అంతస్తు, సొంత కాగితాల విభాగం

చీటీల మహారాణి గారి సముఖానికి,

పై అంతస్తు పిల్ల నమస్కరించి రాసుకుంటున్నది. ఇక్కడ నేను క్షేమం అని రాయబోయి కలం ఆపాను. క్షేమంగా లేను. నువ్వూ మీ అమ్మగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీకు ఉత్తరం రాసే ముఖం నాకు లేదు. అయినా చేతిరాత చూడగానే చింపెయ్యకు. చివరిదాకా చదివి, అప్పుడు చింపు.

ముందు కబుర్లు. కింద సర్కారు ఫైళ్ళ గదిలో నీ కుర్చీలో ఇప్పుడొకాయన కూర్చుంటున్నాడు. ఏ ఫైలు అడిగినా ముందు ఆవలిస్తాడు, తర్వాత వెతుకుతాడు. చీటీ లేనిదే కాగితం కదలనివ్వని నీ చాదస్తాన్ని కింది అంతస్తు అంతా తలుచుకుంటోంది. మా సూపరింటెండెంటు, అదే మన 'ఉష్' గారు, అలాగే ఉన్నారు. చదువుకునే గదిలో ఎవరైనా గట్టిగా ఊపిరి పీల్చినా ఉష్ అంటారు. ఇంట్లో నేను నాలుగు రోజులుగా కాగితాలు రాసి చింపుతుంటే మా అమ్మ తలుపు దగ్గర నిలబడి, ఎవడే వాడు, ఒక్కసారి రాస్తే అర్థం కాదా వాడికి అంది.

చూశావా, నిన్ను నవ్వించి అసలు సంగతి దాటేద్దామని చూస్తున్నాను. నాకు భయంగా ఉంది. మెట్ల మీద చప్పుడైతే చాలు, ఈ కాగితం డ్రాయరులోకి తోసేస్తున్నాను.

ఎల్లుండి గురువారం ఆ గట్టు ఫైలు మీద ఆఖరి విచారణ. జలాశయం గేటు కాపలాదారు కూతురు నీకు గుర్తుండే ఉంటుంది. కళ్ళజోడుకి నల్ల దారం కట్టుకుని, రోజూ కిటికీ పక్క బల్ల దగ్గరే కూర్చునే పెద్దావిడ. నలభై ఏళ్ళ కిందట జలాశయం గట్టు తెగి పదకొండు ఇళ్ళు కొట్టుకుపోతే, కాపలాదారు నిద్రపోయాడు, బీట వారిన సంగతి ఎవరికీ చెప్పలేదు అని సర్కారు నివేదిక రాసింది. ఆయన ఉద్యోగం పోయింది. ఆ మాట మోసుకుంటూనే ఆయన పోయాడు. ఈవిడ అడిగేది ఒక్కటే, ఆ వాక్యం కొట్టెయ్యమని. మొన్న నా బల్ల దగ్గరికొచ్చి, మా నాన్న చెప్పాడు తల్లీ, తడి కాళ్ళతో ఇంజనీరు ఇంటికి పరుగెత్తాడు, వాకిలంతా బురద చేశావని ఇంజనీరు భార్య తిట్టింది కూడా, ఇంజనీరు అప్పటికప్పుడు పైవాళ్ళకి ఉత్తరం రాశాడు, అదెక్కడో ఉంటుంది, వెతికిపెట్టవా అంది. వెతుకుతానండీ అన్నాను. నా గొంతు ఎంత మామూలుగా ఉందో వింటే నువ్వు అసహ్యించుకునేదానివి.

అది ఎక్కడుందో నాకు తెలుసు. నాకూ నీకూ తప్ప ఇంకెవరికీ తెలియనిది, ఆ ఫైలు ఆ రోజు ఎవరి చేతిలో ఉందన్న సంగతి. అది మొదటినుంచీ వరసగా రాస్తాను. నీకు తెలిసిన ముక్కలు కూడా రాస్తాను, విసుక్కోకు.

కిందటేడు ఆ ఇంజనీరు గారి కుటుంబం ఆయన సొంత కాగితాలన్నీ మనకిచ్చింది. సర్దే పని నాది. అందులో ఆయన పై అధికారి రాసిన చిన్న జవాబొకటి దొరికింది. నీ ఉత్తరం చూశాను, కంగారుపడకు. అంతే. తారీకు లేదు. ఏ ఉత్తరానికి జవాబో తెలియదు. గట్టు గురించేమోననిపించింది, నాకు ఆత్రం ఎక్కువ కదా, కిందికి పరుగెత్తుకొచ్చి గట్టు ఫైలు అడిగాను. చీటీ రాయవే అన్నావు. రేపు రాస్తాలే, ముందు ఇవ్వు అన్నాను. స్నేహం కొద్దీ ఇచ్చావు. రిజిస్టరులో నీ సంతకం మీదే వెళ్ళింది.

ఫైల్లో నలభై ఏడో కాగితం ఆ ఉత్తరమే. సొంత దస్తూరీతో, పైన 'మంగళవారం' అని మాత్రం వేసి రాశాడు. గేటు మనిషి ఇప్పుడే వచ్చి చెప్పాడు, నేనూ లాంతరు పట్టుకెళ్ళి చూశాను, గట్టు బీట వారింది, కింద ఇళ్ళు ఖాళీ చేయించండి. నాకు ఒళ్ళు పులకరించింది. ప్రశ్న కింద అంతస్తులో, జవాబు ఆయన ఇంట్లో నలభై ఏళ్ళుగా విడిపోయి ఉన్నాయే అనిపించింది. సొంత ఉత్తరం సర్కారు ఫైల్లో పొరపాటున దూరింది, దాని చోట పెడుతున్నాను అనుకున్నాను. తీసుకొచ్చి నలభై మూడో పెట్టెలో జవాబు పక్కన పెట్టాను. మూల మీద పెన్సిలుతో 47 అని ఉంటే, మెత్తటి రబ్బరుతో మచ్చ కూడా మిగలకుండా తుడిచి నా అంకె వేశాను. ఎంత శుభ్రంగా తుడిచానో అని మురిసిపోయాను కూడా.

తుడిచింది ఏమిటో తర్వాత తెలిసింది. తారీకు లేని ఆ ఉత్తరానికి ఫైల్లో దాని చోటే తారీకు. నలభై ఆరు గట్టు తెగడానికి ముందు రోజు కాగితం. నలభై ఎనిమిది తెగిన రోజుది. ఆ రెంటి మధ్యా ఉంటేనే, ఇళ్ళు పోకముందే పైవాళ్ళకి అందిందని రుజువు. పెట్టెలో ఉంటే, తనని తాను కాపాడుకోవడానికి ఇంజనీరు తర్వాతెప్పుడో రాసుకున్నాడని ఎవరైనా అనొచ్చు. ఇప్పుడు గప్‌చుప్‌గా తిరిగి ఫైల్లో పెట్టినా, కొత్తగా దూర్చారంటారు. అది నలభై ఏడో కాగితమని చెప్పగల ఆధారం ఈ భూమ్మీద ఒక్కటే, నా నోరు.

పెద్దావిడ అడిగితే ఫైలు విప్పిన రోజు, ముందున్న జాబితాలో '47, ఉత్తరం' అని ఉండి లోపల లేకపోయేసరికి అందరూ నీ మీద పడ్డారు. ఒట్టేసి చెప్తున్నాను, మొదటి రెండు రోజులూ నాకు నిజంగా తట్టలేదు. అప్పటికే నా దృష్టిలో అది నలభై మూడో పెట్టెలో ఆరో కాగితం. మూడో రోజు పెట్టె తీసి చూశాక గానీ తెలిసిరాలేదు. అప్పుడైనా చెప్పొచ్చు. మన వరండా గోడ మీద బోర్డుంది కదా, సర్కారు రికార్డు తారుమారు చేస్తే జైలు అని. దాని కిందినుంచే రోజూ వస్తాను, పోతాను. నీ మీద జరిగిన విచారణలో నువ్వు నా పేరు చెప్పలేదు. బయటికొచ్చి నీళ్ళ కుండీ దగ్గర నా వైపు చూసి, ఇప్పుడైనా చీటీ రాస్తావా అన్నావు. నేను గ్లాసు కడుగుతూ నిలబడ్డాను. కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగాను. నువ్వు వెళ్ళిపోయావు. ఆ నిందతో నువ్వు కుర్చీ వదిలి ఎనిమిది నెలలైంది.

నిన్న సోమవారం ఇక తట్టుకోలేక ఉష్ గారిని, వేరే ఎవరి గురించో అడిగినట్టుగా అడిగాను. ఒక కాగితం కింది ఫైల్లోంచి పొరపాటున పై పెట్టెలోకి వచ్చిందనుకోండి సార్ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి, ఏ పెట్టెలోకి అన్నారు. నోరు జారి చెప్పేశాను. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత, చూడమ్మాయ్, నువ్వు నాకేం చెప్పలేదు, నేనేం వినలేదు, ఆ పెట్టెకి పురుగు పట్టినట్టుంది, బుధవారం మందుగదికి పంపుతాను, తిరిగొచ్చేసరికి నెల పడుతుంది, చిన్నపిల్లవి, ముందు బోలెడు జీవితం ఉంది అన్నారు. ఆ పెట్టెలో పురుగు లేదు. నేను చూశాను.

అప్పట్నుంచీ ఆయన నా మీద ఉష్ అనడం మానేశారు. ఇవాళ పొద్దున పెన్ను కింద పడి పెద్ద చప్పుడైతే, టీ తాగావా అమ్మా అని అడిగారు. నన్ను తన మనిషిని చేసేసుకున్నారు. ఇలాగే ఒక నెల గడిస్తే నేను నిజంగానే ఆయన మనిషినైపోతాను, నాకు తెలుసు. జైలు భయం కన్నా ఇదే ఎక్కువగా ఉంది.

క్షమించమని అడగను. చీటీ లేకుండా ఫైలిచ్చిన తప్పు నీదన్నారు. ఇప్పించుకున్నది నేను. కాగితం తీసింది నేను, అంకె తుడిచింది నేను, నీ మీద నింద పడుతుంటే చూస్తూ నిలబడింది నేను. గురువారం ఇదే చెప్తాను. ఫైలు ఆ రోజు నా చేతికిచ్చానని నువ్వూ ఒక్క మాట చెబితే నా మాటకి బలం. రాకపోయినా నిన్నేమీ అనుకోను.

మీ అమ్మగారికి నా నమస్కారాలు.

ఇట్లు,
నీ పక్కన కూర్చుని అన్నం తిన్న
పై అంతస్తు పిల్ల

తా.క. బుధవారం, ఉదయం పదకొండు. పై పేజీల్లో అక్షరాలు నీలంగా, మసగ్గా ఉన్నాయి కదూ? నీ చేతిలో ఉన్నది కార్బన్ ప్రతి. అసలుది ఇందాకే, అర్జీలు తీసుకుని నంబరు వేసే ఇన్‌వర్డులో ఇచ్చేశాను. విచారణ అధికారికి అర్జీగానే రాద్దామని నాలుగు రోజులు కూర్చున్నాను. 'గౌరవనీయులైన' అని మొదలుపెట్టగానే, కాగితం స్థానం మారినట్లు గమనించడమైనది అని వచ్చేస్తోంది, ఎవరు మార్చారో లేకుండా. నీకు రాస్తే అలా రాయలేనని తెలిసి, నీకే రాశాను. ఇన్‌వర్డు గుమాస్తా మొదటి పేజీ చూసి, ఇది స్నేహితురాలికి రాసుకున్న ఉత్తరం కదమ్మా, ఇక్కడ పారేశావేంటి అన్నాడు. ముద్ర వెయ్యండి బాబూ, ముందు ముద్ర వెయ్యండి అని బతిమాలాను. వేశాడు. మూడు వందల పద్దెనిమిదో నంబరు. పెట్టె అంకె అందులో ఉంది కాబట్టి విచారణ దాకా దాన్నెవరూ కదపకూడదు. ఉష్ గారికి కబురు వెళ్ళింది. నన్ను అధికారి గది బయట బెంచీ మీద కూర్చోమన్నారు. మోకాళ్ళ మీద పెట్టుకుని ఇది రాస్తున్నాను.

టపాలో వేసే వ్యవధి లేదు. నీకు ఈ కవరు తెచ్చిచ్చి గుమ్మంలో నిలబడ్డావిడే కాపలాదారు కూతురు. మీ వీధి మీదుగానే ఇంటికి వెళ్తుందట. ఏముందమ్మా ఇందులో అని అడిగింది. ఇన్‌వర్డులో ముద్ర వేయించగలిగాను కానీ ఆవిడ ముఖం చూసి చెప్పలేకపోయాను. లోపలికి పిలువు. మంచినీళ్ళివ్వు. వాళ్ళ నాన్న వచ్చి చెప్పాడని ఇంజనీరు ఉత్తరంలో ఉన్న ముక్క, నువ్వు చదివి వినిపించు.