పాలు పొంగనివ్వని పొయ్యి

తమ్ముడు గోపయ్యకు నాచారం నుంచి అక్క మల్లవ్వ దీవెనలు. నీకు ఫోనులో సరిగా వినబడదు కనుక మనుమరాలు కల్పనతో రాయిస్తున్నాను.

కొత్త ఇల్లు పూర్తయింది. గూనపెంకలు, అరుగులు, నడుమ వాకిలి, అంతా మన తాతల నాటి తీరే. లోపల మాత్రం వేడి చొరబడని గోడలు, జోడు అద్దాల కిటికీలు, కరెంటు పొయ్యి. నిన్న పరీక్షకని దానిమీద పాలు పెడితే, అంచుకు రాగానే దానంతట అదే ఆరిపోయింది.

"గదే దీని గొప్పతనమమ్మా, చుక్క పొంగనియ్యది" అని నా కొడుకు నరేందర్ మురిశాడు.

"పాలు పొంగకుంటె గృహప్రవేశమేందిరా?" అన్నాను. వాకిట్లో పిడకలు అంటిస్తానంటే ఇంట్లోకి పొగ వస్తుందన్నాడు.

"తలుపులేస్తె గాలి సుత రాదని ఊరంత చెప్తివి. మరి పొగ ఎట్లొస్తది బిడ్డా?" అన్నాను. నవ్వి ఒప్పుకున్నాడు.

వచ్చే గురువారమే ముహూర్తం. మరదలి మోకాళ్లనొప్పి తగ్గిందా? ఇద్దరూ ముందురోజే రండి. ఉప్పల్‌లో అమ్మే పిడకలు పచ్చివి. నువ్వు ఎండినవి గంపెడు తేవాలి. పుట్టింటి చీర మరిచినా ఏమనను, పిడకలు మరిస్తే గడప తొక్కనివ్వను. ఆ మంట నీ చేత్తోనే అంటించాలి తమ్ముడా. నువ్వూ నీ పిల్లలూ చల్లగా ఉండాలి.