మూటలో ఆఖరున ఇప్పే నవల

ధర్మవరం, సోమవారం

యశోదమ్మా, ఈడ మేం బాగుండాము. ఐదేండ్లుగా కడుపులో దాచుకున్న మాట అడుగుతాండా. నీ సొంత నవలలు సంచి అడుగున పెట్టి, ఆ రొద్దం కుళ్ళాయమ్మ రాసిన పుస్తకం ముందర తీసి అమ్ముతావు. నీకు రోషం లేదా?

పోయిన వారం పెనుకొండకు చీరలతో పాటు మీ ఇద్దరి పుస్తకాలూ మూటగట్టుకొని పోయినా. మేం చీరలు మామూలువి ముందు పరిచి, మంచిది ఆఖరున ఇప్పుతాం గదా. ఆ అలవాటులో నేనూ కుళ్ళాయమ్మదే ముందు తీసినా. టీచరమ్మ ఒకామె అది కొనుక్కొని లేచిపాయె. నీది ఇప్పనే లేదు. నా చెప్పుతో నేను కొట్టుకోవాల్సింది.

నిన్న ఆమే ఇల్లు అడుక్కుంటా వచ్చె. "పెద్దాయనా, ఇట్లాంటిది ఇంకోటి ఉండాదా?" అనె. నీది ఇచ్చి, మా బిడ్డ రాసిందే అన్నా. కుళ్ళాయమ్మ పుస్తకమే ఆమెను మన గడపకు తెచ్చినాది. నువ్వు అమ్మే తీరే సరని ఒప్పుకుంటాండా, ఈ ఒక్కసారికే.

"మళ్ళా నవల ఎప్పుడొస్తాది?" అనె. ఉగాదికి అని మాటిచ్చేసినా. నువ్వేమో రాస్తాండే నవల పక్కన పెట్టి, వేరేవాళ్ళ పుస్తకాలు మోసుకొని ఊరూరూ తిరుగుతాండావని మీ అమ్మ చెప్తాంది. మగ్గంలో కూర్చుంటే కాలు నిలవడంలా నాకు.

అమ్మకు కంట్లో చుక్కల మందు పంపు. మీ బోరులో నీళ్ళు వస్తాండాయా? అల్లునికీ పిల్లోళ్ళకూ నా దీవెనలు.

నవల ముగిస్తావా, లేదా? శుక్రవారం లోపల జవాబు రాయి. రాకుంటే శనివారం హిందూపురం వచ్చి నీ గడపలో కూర్చుంటా. నువ్వు రాసేదాకా లేవను.

మీ నాయన గంగప్ప