ఖాళీగా వదలాల్సిన మూడు నెలలు

జనవరి 20

ఈ నెల లెక్కకు ట్రాపింగ్ అయిపోయింది. నలభై తొమ్మిది బోన్లకు తొమ్మిది ఎలుకలు. అన్నీ పొదల్లో తిరిగే చిన్నవే. తూచాను, చెవికి ట్యాగ్ వేశాను, వదిలేశాను. ఒకటి వేలు కొరికింది. ఇరవై మూడేళ్లుగా ఇదే పని. అయినా వాటికి నా దగ్గర మొహమాటం లేదు.

నేను చేరిన కొత్తలో ఈ ఎడారి నేలంతా పలచటి గడ్డి. కుచ్చుతోక ఎలుకలు వెనక కాళ్ల మీద గెంతుకుంటూ పోయేవి. రానురాను చలికాలం వానలు పెరిగాయి, ఎండాకాలం వానలు తప్పాయి. ఇప్పుడు ఎటు చూసినా మోకాలెత్తు పొదలు. కుచ్చుతోకది కనబడి తొమ్మిదేళ్లు.

జనవరి 27

ఈ ఎలుకల పరిశోధన నడపడానికి వచ్చిన కొత్త మేడమ్ గ్రాఫ్ చూపించింది. తొమ్మిదేళ్ల కిందట జనవరిలో కుచ్చుతోకవి నాలుగు. తర్వాత మూడు నెలలూ పదకొండు, పన్నెండు, పదకొండు. మే మొదట్లో వరద. ఆపైన సున్నా. అవి కోలుకుంటున్నాయి, వరదే ముంచేసింది, పొదల తప్పేం లేదు అంది. నేల ఇంకా వాటికి పనికొస్తుందట. వేరేచోట నలభై పట్టి తెచ్చి ఇక్కడ వదులుతుందట. మీ లెక్కలే దారి చూపించాయండీ అంది.

తేలు కుట్టిన దొంగలా తలూపాను.

జనవరి 28

ఆ మూడు నెలలూ నేను ఫీల్డుకు వెళ్లలేదు.

ఫిబ్రవరి 2

ఇక్కడైనా పూర్తిగా రాయాలి.

అక్కకు జబ్బు ముదిరిన నెలలవి. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. బావ ఎప్పుడో తన దారి తను చూసుకున్నాడు. కూతురికి పన్నెండేళ్లు. తను కరిగిపోవడం పిల్ల చూడకూడదని అక్క పట్టుబట్టి దాన్ని హాస్టల్లో వేయించింది. ఇంట్లో మిగిలింది మేమిద్దరం.

అప్పట్లో పరిశోధన నడిపిన పెద్దసారుకు చెప్పాల్సింది. ఆయన ఎవరొచ్చినా, మా రికార్డులో ఒక్క నెల కూడా తప్పలేదండీ అని మురిసిపోయేవాడు. అది నా వల్ల తప్పడమా అనుకున్నాను. అక్క మంచం పక్కన స్టూలేసుకుని, పాత నెలలు చూసి కొత్త నెలలు రాశాను. బరువులతో సహా. ఒకటి కడుపుతో ఉందని కూడా రాశాను, నమ్మకంగా ఉంటుందని.

నాలుగును పదకొండు ఎందుకు చేశాను? మంచం మీద అక్క తగ్గిపోతుంటే, కాగితం మీద ఇంకోటి తగ్గడం రాయడానికి చెయ్యి రాలేదు.

ఏప్రిల్ చివర్లో అక్క పోయింది. మేలో ఫీల్డుకు వెళ్తే కుచ్చుతోకది ఒక్కటీ లేదు. వరదకు ముందే పోయాయో, వరదలో పోయాయో ఎవరికీ తెలీదు. తెలుసుకునే వీలు లేకుండా చేసింది నేనే.

ఫిబ్రవరి 11

చెప్పాలని రెండుసార్లు మేడమ్ గదికి వెళ్లాను. రెండుసార్లూ టీ తాగి వచ్చాను.

ఫిబ్రవరి 19

పొద్దున్నే నలభై ఎలుకలు దిగాయి. వరుసగా పంజరాలు. ట్యాగ్ వేయమని మేడమ్ మొదటిదాన్ని నా చేతికిచ్చింది. కరవలేదు. అరచేతిలో ముడుచుకుని కూర్చుంది. కిటికీలోంచి పొదలు కనిపిస్తున్నాయి. ఇవి గెంతడానికి జాగా ఏదీ?

చెప్పేశాను.

ఎన్ని నెలలు అంది మేడమ్. మూడు అన్నాను. నిజంగా మూడేనా అంది. మిగతా ఇరవై మూడేళ్లనీ ఏం చూసి నమ్మమంటారు అంది.

మధ్యాహ్నానికి పంజరాలన్నీ మళ్లీ వ్యానెక్కాయి.

మార్చి 3

నా అంకెలు కొట్టేశారు. ఆ మూడు గళ్లలో 'ఎవరూ వెళ్లలేదు' అని రాశారు. ఇకనుంచి నేనూ వెళ్లక్కర్లేదు.

రిటైరైన పెద్దసారు ఫోన్ చేశాడు. చెప్పుంటే సెలవిచ్చేవాణ్ణి కదమ్మా అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది.

మార్చి 4

అక్క కూతురు వచ్చింది. ఉద్యోగం ఎందుకు పోయిందో చెప్పక తప్పలేదు. ఎలుకల సంగతి దానికి పట్టలేదు. అయితే ఆ మూడు నెలలూ అమ్మ దగ్గరే ఉన్నావా పిన్నీ అంది. ఉన్నానన్నాను. నేను పనికి పోతే వాళ్లమ్మ ఒక్కతే గోడలు చూస్తూ పడుకునేదని ఇన్నేళ్లూ అనుకుందట. నన్ను ఒక్క మాట అడక్కుండా.

అమ్మ ఎలా ఉండేది, ఏం తినేది, నా గురించి అడిగేదా అంది. రాసిస్తానన్నాను.

తొమ్మిదేళ్ల కిందటి ఫిబ్రవరి 9

ఫీల్డుకు వెళ్లలేదు. మీ అమ్మ బరువు ముప్పై ఎనిమిది కిలోలు. పొద్దున రెండు చెంచాల పాలు. మధ్యాహ్నం ఏమీ లేదు. సాయంత్రం కూర్చోబెట్టమంది. నువ్వు ఇంట్లో వదిలెళ్లిన స్కూలు చొక్కాకి బొత్తాం కుట్టింది. గంటన్నర పట్టింది. సూదిలో దారం ఎక్కించడం వరకే నేను.